తలుపు తీసి ‘వద్దు’ అని చెప్పండి: లాంకషైర్ తెలుగు కుటుంబాలకు బహిరంగ లేఖ

ప్రెస్టన్, చోర్లీ, బ్లాక్‌బర్న్, లాంకస్టర్ పరిసరాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాల పెద్దలకు, ముఖ్యంగా మొన్న ఉగాది సాయంత్రం ఒకే బల్ల దగ్గర నాతో కూర్చుని భోంచేసిన మిత్రులకు, నమస్కారాలు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర, మోర్మన్ అనే క్రైస్తవ చర్చి తరఫున మత ప్రచారానికి మన ఇళ్ల తలుపులు తట్టే ఇద్దరు కుర్రాళ్ల ప్రస్తావన వచ్చింది. తెల్ల చొక్కా, టై, గుండె మీద నల్లటి పేరు పలక, భుజానికి సంచి; మనందరికీ తెలిసిన రూపమే. వాళ్లు వీధి మలుపులో కనబడగానే దీపాలు ఆర్పేసి, పిల్లల్ని చప్పుడు చేయవద్దని సోఫా వెనక కూర్చోబెట్టామని ఒకరు చెప్పారు. తలుపు గంటకు అమర్చిన కెమెరాలో పడిన దృశ్యాన్ని మరొకరు ఫోనులో చూపించారు. గంట నొక్కి, ఒక అడుగు వెనక్కి వేసి, తడిసిన జుట్టు సరిచేసుకుని, లోపలి నుంచి ఎవరూ రాకపోయినా మూసిన తలుపు వైపు నవ్వుముఖంతో చూస్తూ నిలబడిన ఇద్దరు పిల్లలు అందులో ఉన్నారు. మూడో మిత్రుడు, “గురువారం సాయంత్రం ఆరింటికి రండి, కూర్చుని మాట్లాడుకుందాం” అని వాళ్లకు మాట ఇచ్చి, ఆ వేళకు ఇంటిల్లిపాదీ సినిమాకు వెళ్లిపోయిన సంగతి చెప్పారు. బల్ల చుట్టూ ఉన్నవాళ్లందరూ నవ్వారు. నేను నవ్వలేదు గాని, నోరు విప్పి ఏమీ అనలేదు. అనవలసిన మాట అప్పుడే అనకపోవడం నా తప్పు. ఆ తప్పు దిద్దుకోవడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మిత్రుడు చెప్పిన ఆ గురువారం నాకు బాగా గుర్తుంది. ఆయన వీధి పేరు చెప్పగానే అది నవంబరు చివరి వారంలోని ఆ గురువారమేనని నాకు అర్థమైంది. ఈ ఊళ్లో ఆ రోజుల్లో నాలుగు గంటలకే చీకటి పడుతుందనీ, వాన పైనుంచి కాక పక్కనుంచి కొడుతుందనీ మీకు వేరే చెప్పనక్కరలేదు. ఆ ఇద్దరూ తమ గది నుంచి రెండు బస్సులు మారి, ఆ ఇంటి ముందు ముప్పావు గంట నిలబడి, తిరుగు బస్సు తప్పిపోయి, నడుచుకుంటూ వస్తూ దారిలో ఉన్న మా ఇంటి తలుపు తట్టారు. అంతకు ముందు రెండుసార్లు వచ్చినప్పుడు, మాకు మతం మార్చుకునే ఉద్దేశం లేదని నా భార్య వాళ్లకు తేటతెల్లంగా చెప్పి పంపింది. ఆ రోజు వాళ్లు మత ప్రచారానికి రాలేదు. కాసేపు వాన తగ్గేదాకా వసారాలో నిలబడవచ్చా అని అడిగారు.

నా భార్య వాళ్లను లోపలికి పిలిచి బూట్లు విప్పించింది. వాటిలో పాత వార్తాపత్రికలు కుక్కి హీటరు పక్కన పెట్టబోతూ, ఒకదాన్ని తిప్పి నాకు చూపించింది. పాదం ముందు భాగం ఆనే చోట బూటు అడుగు అరిగి రూపాయి బిళ్లంత చిల్లు పడి ఉంది. నీళ్లు లోపలికి రాకుండా, ఉదయం తినే అటుకుల డబ్బా అట్టను పాదం కొలతకు కత్తిరించి లోపల పరుచుకున్నాడు ఆ పిల్లవాడు. ఆ అట్ట నాని పేస్టులా అయిపోయింది. ఆమె అలవాటు కొద్దీ టీకి పాలు పెట్టి, వాళ్లు టీ, కాఫీ ముట్టరని గుర్తొచ్చి పొయ్యి ఆపి, పొద్దుటి మిరియాల చారు వేడి చేసి రెండు గ్లాసుల్లో పోసి ఇచ్చింది. ఇద్దరిలో ఒకడు ఫిలిప్పీన్స్ వాడు. ఒక గుక్క తాగి, వాళ్ల అమ్మ చింతపండుతో చేసే సినిగాంగ్ అనే పులుసు ఇలాగే ఉంటుందని చెప్పి, ఆ తరువాత చాలాసేపు గ్లాసులోకే చూస్తూ కూర్చున్నాడు. రెండోవాడు అమెరికాలోని యూటా రాష్ట్రంలో, పాడి ఆవులున్న ఒక చిన్న ఊరి నుంచి వచ్చినవాడు. ఒకడికి పందొమ్మిది, ఇంకొకడికి ఇరవై. మన ఇళ్లలో ఆ వయసు పిల్లలకు యూనివర్సిటీ హాస్టల్లో బియ్యం కడగడం చేతనవునో కాదో అని మనం బెంగపెట్టుకుంటున్నాం.

వీళ్లెవరో, ఎందుకు వస్తారో మనలో చాలామందికి తెలియదు గనక కొంత వివరంగా చెబుతాను. లోకం మోర్మన్లు అని పిలిచే ఈ చర్చికి వాళ్లు చెప్పుకునే పూర్తి పేరు యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘము. 1830లో న్యూయార్క్ రాష్ట్రంలో జోసెఫ్ స్మిత్ స్థాపించిన ఈ చర్చికి ఇప్పుడు యూటాలోని సాల్ట్ లేక్ సిటీ కేంద్రం. యువకులు పద్ధెనిమిదేళ్లకే ప్రచార సేవకు బయలుదేరవచ్చునని 2012లో ప్రకటించారు. అబ్బాయిలకు ఇరవై నాలుగు నెలలు, అమ్మాయిలకు పద్ధెనిమిది నెలలు గడువు. ఎక్కడికి వెళ్లాలో వాళ్లు కోరుకోరు. పై నుంచి వచ్చిన పిలుపులో ఏ దేశం పేరుంటే అక్కడికి వెళ్లాలి. ప్రపంచం మొత్తం మీద ఇప్పుడు ఇలాంటి వాళ్లు డెబ్బై వేలకు పైగా ఉన్నారు. దీనికి వాళ్లకు జీతం ముట్టదు సరికదా, ఖర్చు వాళ్లే పెట్టుకోవాలి. 2020 జూలై నుంచి అమెరికా కుటుంబాలు నెలకు 500 డాలర్లు కట్టాలి, అంటే అబ్బాయికి రెండేళ్లకు 12,000. యూటా కుర్రాడు హైస్కూలు సెలవులన్నీ పాలు పితికి, గడ్డి మోపులు ఎత్తి అందులో సగం కూడబెట్టాడు. ఫిలిప్పీన్స్ కుర్రాడి ఇంట్లో అంత స్తోమత లేదు. వాళ్లు ఇవ్వగలిగినంత ఇస్తే మిగతాది చర్చి నిధి భరిస్తోంది. కాలేజీ మానుకుని, సొంత డబ్బు పెట్టుకుని, ముక్కూ మొహం తెలియని ఊళ్లో తలుపులు తట్టేవాడిని చూసి “ఒక్కో ఇంటికి కమీషన్ ఎంతో” అని మనలో ఒకరు అన్నారు గనక ఈ లెక్కలు చెప్పవలసి వచ్చింది.

వాళ్ల దినచర్య విన్నప్పుడు నాకు వైద్య విద్యార్థిగా గడిపిన రోజులు సులువనిపించాయి. ఆరున్నరకు లేవాలి. వ్యాయామం, స్నానం, అల్పాహారం ముగించుకుని, ఒంటరిగా కొంతసేపు, జంటగా కొంతసేపు గ్రంథ పఠనం చేసి, పది గంటలకల్లా వీధిలో ఉండాలి. రాత్రి గదికి చేరాక మరునాటి పని రాసుకుని పదిన్నరకు దీపం ఆర్పాలి. సినిమాలు లేవు, టీవీ లేదు, ప్రేమ వ్యవహారాలు లేవు. ఒకరినొకరు ‘ఎల్డర్’ అనే బిరుదుతో ఇంటిపేరు కలిపి పిలుచుకుంటారే గాని, అమ్మ పెట్టిన పేరుతో పిలిచేవాళ్లు రెండేళ్ల పాటు పక్కన ఉండరు. ఇన్ని నియమాల్లో నాకు అన్నిటికంటే కష్టంగా తోచినది మాత్రం ‘కంపానియన్’ పద్ధతి. జంటలోని ఇద్దరూ ఒకరి కంటికి, చెవికి ఒకరు ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. ఆ రెండోవాణ్ణి ఎంచుకునే హక్కు వీళ్లకు లేదు. భాష వేరు, తిండి వేరు, ఒకడికి కిటికీ తీసి పడుకోవాలి, ఇంకొకడికి మూయాలి. ఏడుపు వస్తే పక్కవాడి ఎదుటే ఏడవాలి, కోపం వస్తే కోపం తెప్పించినవాడితోనే మరుక్షణం ఇంకో తలుపు ముందు నవ్వుతూ నిలబడాలి. కాస్త అలవాటు పడే లోపల, సుమారు ఆరు వారాలకొకసారి వచ్చే ‘ట్రాన్స్‌ఫర్’ కబురుతో ఇద్దరిలో ఒకరు వేరే ఊరికి పెట్టె సర్దుకోవలసి రావచ్చు.

వారంలో ఒక రోజు, మా వైపు తిరిగే వాళ్లకు సోమవారం, బట్టలు ఉతుక్కోవడానికి, సరుకులు తెచ్చుకోవడానికి, ఇంటికి కబురు చెప్పుకోవడానికి కేటాయించారు. 2019 ఫిబ్రవరి దాకా ఇంటికి ఫోను చేయడం ఏడాదికి రెండుసార్లే, క్రిస్మస్‌కు, మాతృదినోత్సవానికి. మిగతా కాలమంతా ఉత్తరాలూ ఈమెయిళ్లే. ఇప్పుడు వారం వారం మాట్లాడుకోవచ్చు. ఆ మార్పు తెచ్చిన వాళ్లకు ఒక తండ్రిగా నేను కృతజ్ఞుణ్ణి. డిసెంబరులో ఒక సోమవారం వాళ్ల గదిలో ఇంటర్నెట్ పనిచేయక, మా ఇంట్లో కూర్చుని మాట్లాడుకుంటామని అడిగి వచ్చారు. మనకు మధ్యాహ్నం పన్నెండయితే యూటాలో తెల్లవారుజాము అయిదు. ఆ తల్లి పాలు పితికే వేళకు ముందే లేచి, తల మీద ఉన్ని టోపీతో వంటింట్లో ఫోను ముందు కూర్చుంది. మేము పక్క గదిలోనే ఉన్నాం గనక మాటలు వినబడ్డాయి. కొడుకు అంతా బాగానే ఉందన్నాడు. బూట్లు ఎలా ఉన్నాయని ఆమె అడిగింది. బాగున్నాయన్నాడు. “అయితే ఫోను కిందికి తిప్పి చూపించు” అన్నది ఆమె. రెండు క్షణాలు ఏ చప్పుడూ లేదు. నా భార్య గబగబా లేచి వెళ్లి, మా అబ్బాయి వదిలి వెళ్లిన బూట్ల జత వాడి కాళ్ల దగ్గర పెట్టింది. ఆ తరువాత ఆ ఇద్దరు తల్లులు, ఒకరి యాస ఒకరికి సగం సగం అర్థమవుతుండగా, పావుగంట మాట్లాడుకున్నారు.

ఆ కుర్రాడికి ఈ నేలతో ఒక చుట్టరికం ఉందని నాకు తరువాత తెలిసింది. ఈ చర్చి అమెరికా ఖండం దాటి వేసిన మొదటి అడుగు మన ప్రెస్టన్‌లోనే పడింది. 1837 జూలైలో, విక్టోరియా రాణి గద్దెనెక్కిన నెల తిరిగేసరికి, హీబర్ కింబల్ అనే చర్చి పెద్ద నాయకత్వంలో ఏడుగురు ప్రచారకులు లివర్‌పూల్‌లో ఓడ దిగి నేరుగా ఇక్కడికి వచ్చారు. మనం ఆదివారాలు పిల్లల్ని తీసుకుని నడకకు వెళ్లే అవెన్‌హామ్ పార్కు కింద పారే రిబుల్ నదిలోనే, జూలై 30న తొమ్మిది మందికి బాప్తిస్మమిచ్చారు. అదే కింబల్ 1839లో రెండోసారి ఇంగ్లండుకు బయలుదేరినప్పుడు మలేరియా చలిజ్వరంతో వణుకుతున్నాడు; వెంట వస్తున్న మరో చర్చి పెద్ద బ్రిగమ్ యంగ్‌దీ అదే స్థితి. ఇద్దరి ఇళ్లలోనూ భార్యాబిడ్డలు మంచాన పడి ఉన్నారు. బండి కొంత దూరం పోయాక ఇలా వదిలి వెళ్లడం మనసొప్పక, ఆ ఇద్దరూ బండిలోనే లేచి నిలబడి, ఇంట్లో వాళ్లకు ధైర్యం కలగాలని టోపీలు ఊపుతూ జయజయధ్వానాలు చేశారు. 1840 నుంచి ఇక్కడి మిల్లుల్లో పనిచేసే పేద కుటుంబాలు వేల సంఖ్యలో లివర్‌పూల్ నుంచి ఓడలెక్కి ఆ చర్చి వెంట అమెరికాకు వెళ్లిపోయాయి. యూటా కుర్రాడి పూర్వీకురాలు ఒకామె అలా చోర్లీ నుంచి వెళ్లినదే. ఆమె ఉన్న వీధి పేరు ఒక కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు. జనవరిలో ఒక సోమవారం నేనే కారులో తీసుకెళ్లాను. ఆ వీధి ఇప్పుడు లేదు. ఆ చోట కార్లు నిలిపే స్థలం ఉంది. వాడు నిరాశపడతాడనుకున్నాను. కారు దిగి, చేతి తొడుగు తీసి, గోడగా మిగిలిన నాలుగు పాత ఇటుకల మీద అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడి, అమ్మకు పంపడానికి ఒక ఫోటో తీయమన్నాడు. గుంటూరు జిల్లాలో మా తాతగారి ఇల్లు పడగొట్టిన చోట నేనూ అలాగే నిలబడ్డాను. తిరిగి వస్తుంటే, మోటార్‌వే పక్కన 1998లో కట్టిన వాళ్ల తెల్లరాతి ఆలయం, శిఖరం మీది బంగారు రంగు దేవదూత కనబడ్డాయి. మనమంతా మాంచెస్టర్‌కు పోతూ వస్తూ చూసే కట్టడమే అది.

ఇంతగా ఈ పిల్లల పక్షాన ఎందుకు మాట్లాడుతున్నానో చెప్పాలంటే నా సంగతి కొంత చెప్పాలి. విదేశీ వైద్యులు ఇక్కడ పనిచేయడానికి రాసే ప్లాబ్ పరీక్ష కోసం 2005లో నేను ఈ దేశం వచ్చాను. లండన్‌లోని ఈస్ట్ హామ్‌లో ఒక గదిలో ఆరుగురం ఉండేవాళ్లం. పరీక్ష గట్టెక్కింది గాని, 2006 ఏప్రిల్‌లో నిబంధనలు మారి, విదేశీ వైద్యులకు శిక్షణ ఉద్యోగాల దారి దాదాపుగా మూసుకుపోయింది. ఆ ఏడాది మాలో చాలామంది గుడిలో పెట్టే భోజనంతో రోజులు వెళ్లదీశారు. నేనూ వాళ్లలో ఒకణ్ణి. దరఖాస్తులు వందల కొద్దీ పంపాను. ఏమీ తోచక, కోటు వేసుకుని, ఫైలు చంకన పెట్టుకుని ఆసుపత్రులకు స్వయంగా వెళ్లేవాణ్ణి. “వచ్చే వారం రండి, చూద్దాం” అని చెప్పి పంపిన చోట్లు ఎన్నో. ఆ మాట నమ్మి రైలు టికెట్టుకు అప్పు చేసి వెళ్తే, చెప్పిన మనిషి సెలవులో ఉండేవారు. ఒక్క చోట మాత్రం, ఒక ఆసుపత్రిలో పనిచేసే పెద్దావిడ, నా ముఖంలోకి సూటిగా చూసి, “డాక్టర్, ఇక్కడ ఉద్యోగం లేదు, వచ్చే నెలా ఉండదు, మళ్లీ డబ్బు ఖర్చు పెట్టుకుని ఇంత దూరం రావద్దు” అని చెప్పి, కూర్చోబెట్టి రెండు బిస్కట్లూ మంచినీళ్లూ ఇచ్చింది. ఆ రోజు నాకు ఉద్యోగం రాలేదు. అయినా ఆ ఏడాది మొత్తంలో నేను మనిషినని నాకు గుర్తుచేసిన రోజు అదొక్కటే. మన బల్ల దగ్గర నవ్విన వాళ్లలో కనీసం ముగ్గురు ఆ ఈస్ట్ హామ్ గదుల్లో నుంచి వచ్చినవారే. అందుకే ఆ నవ్వు నాకు అంత బాధ కలిగించింది.

వాళ్లు మన మతం మార్చడానికి వస్తే మనం ఎందుకు మర్యాద చేయాలి అనే ప్రశ్న మీలో చాలామందికి ఉన్నదని నాకు తెలుసు. అది న్యాయమైన ప్రశ్నే. మా ఇంట్లో ఏటేటా సత్యనారాయణ వ్రతం జరుగుతుంది, ఇకముందూ జరుగుతుంది. వాళ్లు చెప్పే సిద్ధాంతాల్లో నాకు సమ్మతం కానివి అనేకం, ఆ మాట వాళ్లకే చెప్పాను. ఆఫ్రికా సంతతి పురుషులకు పౌరోహిత్యం ఇవ్వని నియమాన్ని 1978 జూన్ దాకా ఎందుకు అట్టే పెట్టారని యూటా కుర్రాణ్ణి నిలదీసి అడిగాను. వాడి చెవులు ఎర్రబడ్డాయి గాని, తప్పించుకోలేదు. ఆ విషయం తనకూ ముల్లులాగే గుచ్చుకుంటుందని, చదివినదంతా చదివినా తృప్తి కలగలేదని ఒప్పుకున్నాడు. అంత నిజాయితీగా మాట్లాడే పిల్లవాడికి నా విశ్వాసం భయపడవలసిన పని ఏముంటుంది? వద్దు అనే హక్కు మీకు పూర్తిగా ఉంది, ఆ హక్కును వదులుకోమని నేను అడగడం లేదు. దీపాలార్పి దాక్కోకుండా, తలుపు తీసి ఆ హక్కును వాడుకోమనే అడుగుతున్నాను. మళ్లీ రావద్దని స్పష్టంగా చెబితే వాళ్లు దాన్ని మన్నిస్తారు. రాని గురువారానికి మాట ఇస్తే మాత్రం వాళ్లు రెండు బస్సులు మారి వస్తారు.

పగటి వేళ ఇంట్లో ఒంటరిగా ఉండే కోడళ్లకు, కూతుళ్లకు ఒక సంగతి తెలియడం మంచిది. ఇంట్లో ఆడమనిషి ఒక్కరే ఉంటే ఈ అబ్బాయిలు గడప దాటకూడదనేది వాళ్ల నియమం. లోపలికి రమ్మన్నా రాకపోతే అది మీ ఇంటిని చులకన చేయడం కాదు. ఆ కారణం చేతనే బయట నిలబడతారు. పిల్లలకు తల్లిదండ్రుల అనుమతి లేకుండా బోధించకూడదనే నియమమూ ఉంది. ఎవరైనా ఆ నియమాలు మీరినట్టు మీకు అనిపిస్తే నిస్సంకోచంగా నిలదీయండి, వాళ్ల పెద్దలకు చెప్పండి. ఆ విషయంలో నేను మీ పక్షానే ఉంటాను.

వీళ్లు మనకు బొత్తిగా పరాయివాళ్లనుకోవడమూ సరికాదు. సమోవాలో ఉండగా ఈ చర్చిలో చేరిన ఎడ్విన్ ధర్మరాజు, ఎల్సీ ధర్మరాజు దంపతులు 1978 డిసెంబరులో హైదరాబాదు వచ్చి తమ బంధువులకు బోధించారు. అలా ఒక తెలుగు కుటుంబంతో మొదలైన సంఘం పెరిగి, భారతదేశంలో ఈ చర్చి మొదటి ‘స్టేకు’, అంటే పలు స్థానిక సంఘాలు కలిసిన విభాగం, 2012 మే నెలలో హైదరాబాదులోనే ఏర్పడింది. ఈ రోజున మన రాజమండ్రి, విశాఖపట్నం, హైదరాబాదుల నుంచి కూడా తెలుగు పిల్లలు ఇదే తెల్ల చొక్కా, ఇదే నల్ల పలకతో ఇల్లు విడిచి వెళ్తున్నారు. భాష రాని ఏదో ఒక ఊళ్లో, మన గోదావరి జిల్లా కుర్రాడొకడు ఈ పూట ఎవరి తలుపు ముందో నిలబడి ఉంటాడు. ఆ తలుపు వెనక ఉన్నవాళ్లు ఎలా ప్రవర్తించాలని మనం కోరుకుంటామో మీరే ఆలోచించండి.

వైద్యుడిగా ఒక్క మాట చెప్పకుండా ఉండలేను. రోజంతా కాదు, వద్దు, పో అనే మాటలు వినడం ఆ వయసులో మనసు మీద ఎలాంటి బరువు వేస్తుందో నేను ఊహించగలను. ఒత్తిడిని గుర్తించడానికి వాళ్లకు చర్చి ఇచ్చిన చిన్న పుస్తకంలో ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు అని నాలుగు దశలు ఉన్నాయి. ఫిబ్రవరి మొదటి వారంలో ఫిలిప్పీన్స్ కుర్రాడు మా వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ, తల ఎత్తకుండానే, “ఈ వారం నాకు నారింజ, డాక్టర్” అన్నాడు. వాళ్ల అమ్మమ్మ పోయి తొమ్మిది రోజులయింది. వెళ్లాలంటే వెళ్లవచ్చునట, ఉండిపోతానని తానే నిర్ణయించుకున్నాడు. గడువుకు ముందే ఇంటికి వెళ్లిన వాళ్లను కొన్ని ఊళ్లలో చూసే చూపు ఎలా ఉంటుందో వాడికి తెలుసు. ఆరోగ్యం కోసం ముందుగా తిరిగి వెళ్లడం ఓటమి కాదని నేను వాడికి గట్టిగా చెప్పాను, వాళ్ల పెద్దలు ఎవరు కలిసినా ఇదే చెబుతాను. ఆ రాత్రి వాడు తినలేకపోయాడు. పెరుగన్నం కలిపి పెడితే, నాలుగు ముద్దలు తిని, భోజనానికి ముందు చేయడం మరిచిపోయిన ప్రార్థన ఆఖర్న చేసుకున్నాడు. అందులో తన అమ్మమ్మ పేరు తరువాత, మోకాలి శస్త్రచికిత్స అయి తెనాలిలో మంచం మీద ఉన్న మా అమ్మ పేరు కూడా ఉంది. ఎప్పుడో ఒకసారి మాటల్లో చెప్పిన పేరు. ఉచ్చారణ తప్పకుండా చెప్పాడు.

వాళ్ల ఆశలు చాలా చిన్నవి. యూటా కుర్రాడికి తిరిగి వెళ్లాక పశువైద్యం చదవాలని ఉంది. ఫిలిప్పీన్స్ కుర్రాడు నర్సింగ్ చదివి, వీలైతే మళ్లీ ఈ దేశానికే, ఈసారి జీతం వచ్చే ఉద్యోగానికి రావాలనుకుంటున్నాడు. ఏ పరీక్షలు రాయాలో నన్ను అడిగి పుస్తకంలో రాసుకున్నాడు. తమ మాటలు విని ఒక్కరైనా బాప్తిస్మం తీసుకోవాలని ఇద్దరికీ ఉంది, దాన్ని వాళ్లు దాచుకోరు. ఇవికాక, ప్రతి ఉదయం బయలుదేరేటప్పుడు ఏం కోరుకుంటారని అడిగితే, ఈ రోజు ఎవరో ఒకరు కూర్చోమంటే బాగుండునని కోరుకుంటామన్నారు.

ఫిబ్రవరి నెలాఖరులో ట్రాన్స్‌ఫర్ కబురు యూటా కుర్రాడికి వచ్చింది. వెళ్లే ముందు రోజు రాత్రి మా ఇంటికి వచ్చాడు. మన భాషలో ఇల్లు విడిచి పోయేవాళ్లు ‘వెళ్తాను’ అనకూడదనీ, ‘వెళ్లొస్తాను’ అనాలనీ నా భార్య వాడికి ఎప్పుడో నేర్పింది. గడప దగ్గర మా అబ్బాయి బూట్లు తొడుక్కుని, లేచి నిలబడి, ఆమె వైపు తిరిగి, “వెళ్లొస్తాను అమ్మా” అన్నాడు. ఇక్కడ పుట్టిన మన పిల్లల్లో ఎంతమంది ఆ మాట అంటున్నారో నాకు తెలియదు. ఆమె గుమ్మంలోనే చాలాసేపు నిలబడిపోయింది.

సినిమాకు వెళ్లిన మిత్రుడికి ప్రత్యేకంగా ఒక విన్నపం. మీరు మంచివారు, నా కారు ఆగిపోయిన రోజున అర్ధరాత్రి అయిదు మైళ్లు వచ్చి నన్ను ఇంటికి చేర్చినవారు. ఆ గురువారం మీకు ఒక చిన్న తమాషా మాత్రమే అయి ఉంటుంది, ఆ బూటులో నానిన అట్టముక్కను మీరు చూడలేదు గనక. ఫిలిప్పీన్స్ కుర్రాడు ఇంకా ఈ ఊళ్లోనే ఉన్నాడు. ఈసారి మీ తలుపు తట్టితే, మాకు ఆసక్తి లేదని వాడి ముఖం చూసి చెప్పండి. ఒక గ్లాసు మంచినీళ్లు ఇస్తే మరీ సంతోషం.

ఇక మిగతా వారికి. వాడితో జంటగా ఇప్పుడు ఘానా నుంచి కొత్తగా వచ్చిన కుర్రాడు ఉన్నాడు. ఇంత చలి అతనికి ఇదే మొదటిసారి. వచ్చే రెండు వారాలు పెన్‌వర్తమ్, ఫుల్‌వుడ్ వైపు వీధుల్లో తిరుగుతామని చెప్పారు. ఒక పూట భోజనం పెట్టాలని ఎవరికైనా ఉంటే నాకు చెప్పండి, సోమవారం సాయంత్రాలు వాళ్లకు వీలవుతుంది. కారం కొంచెం తగ్గించండి, టీ, కాఫీ పెట్టవద్దు. చారు మాత్రం ఎక్కువగానే కాయండి. ఘానా కుర్రాడి కాలి కొలత పదకొండు. మీ ఇళ్లలో ఎవరూ వాడని చలికోటు గాని, మందమైన మేజోళ్లు గాని ఉంటే, ఆదివారం లోపల మా ఇంట్లో ఇచ్చి వెళ్లవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ప్రెస్టన్‌లో మీ పొరుగున ఉండే ఒక తెలుగు వైద్యుడు